రికార్డు ప్లేయర్ ఎందుకు హోరెత్తుతుంది?

జెండా పండుగనాడు హెడ్మాస్టరుగారు మైకు ముందుకు వచ్చి నోరు తెరవబోతారు. అంతలో స్పీకర్లలోంచి "కూ...య్" మని చెవులు గింగురుమనే కూత ఒకటి బయలుదేరుతుంది. మైకు సెట్టు కుర్రవాడు పరుగెత్తుకొచ్చి ఒక నాబ్ కాస్త వెనక్కి తిప్పుతాడు, లేకపోతే మైకును స్పీకరుకు దూరంగా జరుపుతాడు. కూత ఆగిపోతుంది. ఇది మీరందరూ చూసిందే. స్పీకరులోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులో పడి, పెద్దదై, మళ్ళీ స్పీకరులోంచి వచ్చి, మళ్ళీ మైకులో పడుతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. దీనిని పరిశీలించిన డెన్మార్కు భౌతికశాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరుమీద లార్సెన్ ఫలితం అని కూడా అంటారు.

ఇదే తంతు ఇంట్లో రికార్డు ప్లేయర్ దగ్గర కూడా జరుగుతుంది. కాని అక్కడ కూత ఉండదు. "బుం...ఊం..." అని పొట్టలోంచి వచ్చినట్టు ఒక హోరు పుడుతుంది. చూస్తుండగానే పెరుగుతుంది. స్పీకరు అట్ట ముందుకూ వెనక్కూ ఊగడం కంటికి కనిపిస్తుంది. పాట ఆ హోరులో మునిగిపోతుంది.

మా నాన్నగారి కాలంనాటి వస్తువు గొడవ మాకెందుకు అంటారేమో. ఎల్.పి. రికార్డులు మళ్ళీ తయారవుతున్నాయి. అమెరికాలో 2022లో సి.డి.లకంటె ఎల్.పి.లే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. మన ఇళ్ళలోనూ అటకమీది ఘంటసాల భగవద్గీత రికార్డును దించి, దుమ్ము దులిపి, కొత్త ప్లేయర్ కొని పెడుతున్నవాళ్ళున్నారు. అలా పెట్టిన మొదటి రోజే హోరు వస్తే "సెట్టు పాడైంది" అని రిపేరు షాపుకు తీసుకుపోతారు. షాపులో స్పీకర్లు ఆ గోడ దగ్గర, ప్లేయర్ ఈ బల్లమీద ఉంటాయి కాబట్టి అక్కడ శుభ్రంగా పాడుతుంది. ఇంటికి తెస్తే మళ్ళీ హోరు. రెండుసార్లు తిప్పాక విసుగెత్తి సెట్టును పాత సామాన్లవాడికి వేసేస్తారు. జబ్బు సెట్టులో లేదు, సెట్టు పెట్టిన చోటులో ఉంది. చోటు మార్చడానికి డబ్బులు అక్కర్లేదు, కొంచెం ఆలోచన కావాలి.

ముల్లుకు అన్నీ ఒకటే

రికార్డుమీద ఉన్న గాడి వెడల్పు సుమారు 50 మైక్రానులు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ తల వెంట్రుక మందం 70 మైక్రానుల దరిదాపుల్లో ఉంటుంది. అంటే పాట అంతా వెంట్రుకకంటె సన్నని గాడిలో వంకరలుగా రాసి ఉందన్నమాట. పాటలో మెల్లని చోట్ల ఆ వంకరలు ఒక్క మైక్రానుకు మించవు. ముల్లు ఆ వంకరలవెంట కదులుతుంది. ఆ కదలికను కార్ట్రిడ్జి విద్యుత్తుగా మారుస్తుంది. యాంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి స్పీకరుకు ఇస్తుంది.

ఇక్కడే తిరకాసుంది. గాడి కదిలినా, గాడిని మోస్తున్న బల్ల కదిలినా ముల్లుకు తేడా తెలియదు. దానికి తెలిసిందల్లా తనకూ రికార్డుకూ మధ్య కదలిక జరిగిందా లేదా అన్నదే. బల్లకు ఒక మైక్రాను కుదుపు వస్తే మీ చేతికి తెలియదు, కంటికి తెలియదు. ముల్లుకు మాత్రం అది కూడా పాటే.

పైగా మనం దానికి అదనపు బలం ఇస్తున్నాం. రికార్డు తయారుచేసేటప్పుడు మంద్రస్వరాలను ఉన్నంత పెద్దగా చెక్కితే పక్క గాడిలోకి దూసుకుపోతాయి. అందుకని వాటిని బాగా తగ్గించి చెక్కుతారు. వాయించేటప్పుడు యాంప్లిఫయర్ ఆ తగ్గించినదాన్ని తిరిగి పెంచాలి. 1954 నుంచి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చిన కొలత ప్రకారం, 1000 హెర్ట్జ్‌ల స్వరంతో పోలిస్తే 50 హెర్ట్జ్‌ల స్వరాన్ని సుమారు 7 రెట్లు, 20 హెర్ట్జ్‌ల స్వరాన్ని సుమారు 9 రెట్లు పెంచుతారు. నేల, బల్ల, అలమర అన్నీ వణికేది ఈ తక్కువ పౌనఃపున్యాలలోనే. మైకు కూస్తే రికార్డు ప్లేయర్ హోరెత్తడానికి కారణం ఇదే.

బూరా ఎందుకు హోరెత్తలేదు?

మీకొక సందేహం రావాలి. పాత గ్రామఫోనులో ధ్వని వచ్చే బూరా సరిగ్గా రికార్డు నెత్తిమీదే ఉండేది కదా? ఫీడ్‌బ్యాక్‌కు అంతకంటె అనువైన ఏర్పాటు ఇంకొకటి ఉండదు. మరి అది ఎన్నడూ హోరెత్తలేదేం?

తెనాలి, బాపట్ల ప్రాంతం నాటకాలకు పెట్టింది పేరు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలలో సత్యభామ వేషంతో ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కాలంలో నాటక పద్యాలు 78 వేగం లక్క రికార్డులుగా వచ్చి, నాటక సమాజాలు పోని పల్లెలకు కూడా పోయాయి. అరుగుమీద కీ ఇచ్చే గ్రామఫోను పెడితే వీధి వీధంతా చేరి వినేది. రాగం ఎంత సాగదీసినా బూరా హోరెత్తలేదు.

ఎందుకంటే అందులో యాంప్లిఫయర్ లేదు. ముల్లు కదలికే నేరుగా పలుచని రేకును కదిలించి ధ్వని చేసేది. దానికి శక్తి అంతా స్ప్రింగు తిప్పే పళ్ళెంనుంచే వచ్చేది. బూరాలోంచి వెళ్ళిన ధ్వనిలో ఏ కొంచెమో రికార్డుకు తిరిగి చేరినా, అది బయలుదేరిన దానికంటె ఎంతో చిన్నది. దాన్ని పెంచేవాళ్ళు లేరు. అది మరో చుట్టు తిరిగేలోపే చచ్చిపోతుంది. హోరుకు చుట్టు ఒక్కటే చాలదు, చుట్టులో ఎక్కడో పెంచే పరికరం కూడా ఉండాలి.

ఒకటి, సగం, పావు...

ఎంత పెంచితే హోరు వస్తుంది? గుణశ్రేఢి చదువుకున్నవారు కాగితం తీసుకోండి.

రికార్డులోంచి 1 అంత పెద్ద స్వరం వచ్చిందనుకోండి. అది స్పీకరుదాకా వెళ్ళి, బల్లను కుదిపి, ముల్లుకు తిరిగి వచ్చేసరికి అందులో సగం మిగిలిందనుకోండి. ఆ సగం మళ్ళీ చుట్టు తిరిగితే పావు, ఆపైన అరపావు... మొత్తం 1 + 1/2 + 1/4 + 1/8 + ... ఎంత? 2. అంటే ఆ స్వరం ఉండవలసిన దానికి రెట్టింపు వినిపిస్తుంది. సగం కాక పదింట తొమ్మిది వంతులు తిరిగి వస్తే మొత్తం 10. సరిగ్గా 1 తిరిగి వస్తే? కూడికకు అంతు లేదు. అదే హోరు. ఆ పైన దాన్ని ఆపేది యాంప్లిఫయర్ శక్తికి ఉన్న హద్దు ఒక్కటే. ఈలోపు స్పీకరు కాయిలు మాడిపోనూవచ్చు.

ఇంకో షరతు కూడా ఉంది. ఉయ్యాల ఊపేటప్పుడు అది వెనక్కి వచ్చి ముందుకు బయలుదేరే క్షణంలో తోస్తేనే ఊపు పెరుగుతుంది. ఎదురొస్తున్నప్పుడు తోస్తే ఆగిపోతుంది. చుట్టు తిరిగి వచ్చిన కంపనం కూడా అసలు కంపనంతో ఒకే దశలో ఉండాలి. ఎదురు దశలో వస్తే 1 - 1/2 + 1/4 - 1/8 ... మొత్తం మూడింట రెండు వంతులే. ఆ స్వరం తగ్గిపోతుంది. ఈ రెండు షరతులనూ కలిపి 1921లో జర్మనీ శాస్త్రవేత్త బార్క్‌హాసెన్ సూత్రంగా చెప్పాడు. ఆయన ఆలోచించింది రికార్డు ప్లేయర్ గురించి కాదు, రేడియో వాల్వుల గురించి. మనకు రోగమైనది అక్కడ మందు. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రమైనా, ఏ కేంద్రమైనా, దాని తరంగం పుట్టేది ఇలా తనను తాను పోషించుకునే చుట్టులోనే.

ఈ లెక్కలో అందరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. హోరు వచ్చేదాకా ఏమీ లేదని కాదు. చుట్టులో సగం తిరిగి వస్తున్నప్పుడు హోరు రాదు, కాని 45 హెర్ట్జ్‌ల స్వరం రెట్టింపవుతుంది, 60 హెర్ట్జ్‌ల స్వరం మూడింట రెండు వంతులవుతుంది. మృదంగం దెబ్బ ఠక్కున ఆగవలసింది ఆగక సాగుతుంది. పాటంతా కంబళి కప్పినట్టు ఉంటుంది. "పాత రికార్డులింతే" అని సరిపెట్టుకుంటాం. పాపం రికార్డుది తప్పు లేదు.

రెండు దారులు

స్పీకరునుంచి ముల్లుకు కంపనం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గాలి. ధ్వని వచ్చి పళ్ళేన్నీ, రికార్డునూ, ప్లాస్టిక్ మూతనూ తోస్తుంది. మూత వెడల్పుగా, పలుచగా ఉంటుంది కనుక డప్పు చర్మంలా పనిచేస్తుంది. రెండోది ఘనపదార్థం. స్పీకరు పెట్టె వణికితే అది కూర్చున్న చెక్క వణుకుతుంది, చెక్కనుంచి ప్లేయర్ వణుకుతుంది. రెంటిలో సాధారణంగా మన ఇళ్ళలో కొంప ముంచేది రెండోదే. స్పీకర్లనూ ప్లేయర్‌నూ ఒకే షోకేసులో అందంగా అమర్చడం మనకు అలవాటు. రెండింటికీ ఒకే చెక్క తగలకూడదు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోదలిస్తే దీన్ని పెట్టుకోండి.

స్పీకరు ముఖాన్ని అటు తిప్పితే చాలదా అని అడుగుతారు. చాలదు. 50 హెర్ట్జ్‌ల ధ్వని తరంగదైర్ఘ్యం 7 మీటర్లు. అంత పొడుగు తరంగానికి అడుగు వెడల్పు పెట్టె అడ్డే కాదు. అది అన్నివైపులకూ ఒకేలా పోతుంది.

గదిలో చోటు కూడా ముఖ్యం. మన ఎండలకు గాలిలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్ల దాకా ఉంటుంది. 12 అడుగుల గదిలో రెండు గోడలమధ్య 48 హెర్ట్జ్‌ల దగ్గర అనునాదం వస్తుంది. అప్పుడు పీడనం మార్పు గోడల దగ్గర అత్యధికం, నడిమధ్య అత్యల్పం. మూలలో అయితే రెండు గోడలూ, నేలా కలిసి ఇంకా ఎక్కువ. మంద్రస్వరాలున్న పాట పెట్టి గదిలో నడవండి. మూలకు వెళ్ళేసరికి హోరు ఎక్కువై మధ్యకు వచ్చేసరికి తగ్గడం మీ చెవికే తెలుస్తుంది. "అడ్డం లేకుండా ఉంటుంది" అని ప్లేయర్‌ను మూలకు తోసేస్తాం. ముల్లుకు అంతకంటె చెడ్డ చోటు గదిలో లేదు.

మూడు ఊళ్ళు, మూడు నేలలు

తెనాలిలో ఒక పాత పెంకుటిల్లు అనుకోండి. నేల నాపరాళ్ళు పరిచినది. నేరుగా మట్టిమీద ఉంటుంది కాబట్టి స్పీకరు దాన్ని కదిలించలేదు. గోడలు అడుగున్నర, రెండడుగుల మందం. ఆ గోడలో దీపం పెట్టుకునే గూడు, పుస్తకాలు పెట్టుకునే అలమర ఉంటాయి. రాతి పలక వేసిన గోడ అలమరకంటె గట్టి బల్లను మీరు బజారులో కొనలేరు. అయితే ఇప్పుడే గోడ దగ్గర పీడనం ఎక్కువన్నాం కదా? నిజమే. ఒక దారి మూస్తే రెండో దారి తెరుచుకుంది. నా మటుకు నేను గోడనే ఎంచుకుంటాను, మూలకు దగ్గరగా లేకుండా, గోడ పొడవులో మధ్యగా. స్పీకర్లను ఎదుటి గోడ దగ్గర పెట్టాలి.

అదే ఇంటిమీద చెక్క దూలాలూ పట్టెలూ వేసి కట్టిన మిద్దె గది ఉంటే కథ మారుతుంది. అక్కడ నేలే పెద్ద డప్పు. మీరు నడిస్తేనే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతుంది. అక్కడ గోడకు బిగించిన అర తప్ప వేరే మందు లేదు.

బాపట్ల వారికి ఇసుక ఉంది. సూర్యలంక సముద్రపుటొడ్డు దగ్గరే. రెండంగుళాల లోతు చెక్క తొట్టెలో ఇసుక పోసి, దానిమీద తొట్టె అంచులకు తగలకుండా ఒక పలక పెట్టి, పలకమీద ప్లేయర్ పెట్టండి. పలక వణికితే ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ కంపనశక్తిని వేడిగా మార్చేస్తాయి. ఒడ్డు ఇసుకైతే మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి బాగా ఎండబెట్టాలి. ఉప్పు మిగిలితే తేమ లాగుతుంది. ఇసుక అణిగినప్పుడల్లా ప్లేయర్ మట్టంగా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రేపల్లె తెనాలినుంచి 1916లో పడిన రైలు బ్రాంచికి చివరి స్టేషను. 2022 ఏప్రిల్‌నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడా ఇప్పుడు అన్ని ఊళ్ళలోలాగే కాంక్రీటు మేడలు, టైల్సు నేల, షోకేసు. మేడ గదులలో గోడలు నున్నగా ఉండి ధ్వనిని వెనక్కు కొడతాయి. ఇక్కడ చెయ్యవలసిన మొదటి పని స్పీకర్లను షోకేసులోంచి దించి విడిగా రాతిముక్కలమీద పెట్టడం. రెండోది ప్లేయర్ కింద మెత్తనిది వెయ్యడం.

ఎంత మెత్తన?

కుండ కింద చుట్టకుదురు పెడతాం. గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన ఆ మెత్తని వలయం కుండను కదలకుండా పట్టి ఉంచుతుంది. ప్లేయర్‌కు కూడా చుట్టకుదురే కావాలి. చిన్నపిల్లల సైకిలు ట్యూబు ఒకటి తీసుకుని కొంచెమే గాలి కొట్టి, దానిమీద బరువైన కడప రాయి పలక వేసి, పలకమీద ప్లేయర్ పెట్టడం చాలామంది చేసిన పద్ధతే. గట్టిగా గాలి కొడితే మాత్రం ట్యూబు రాయిలా తయారవుతుంది.

మెత్తదనానికి ఒక కొలత ఉంది. ప్లేయర్ బరువుకు ఆ మెత్తనిది ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో కొలవండి. దాని వర్గమూలంతో 5ను భాగించండి. వచ్చినది దాని సహజ పౌనఃపున్యం, హెర్ట్జ్‌లలో. సెంటీమీటరు కుంగితే 5 హెర్ట్జ్‌లు. పావు సెంటీమీటరు కుంగితే 10. అర మిల్లీమీటరుకూడా కుంగని గట్టి రబ్బరు బిళ్ళలకు 22 దాటుతుంది. స్ప్రింగులకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. రబ్బరు, గాలి ఇంతకంటె కొంచెం బిగుసుగా ప్రవర్తిస్తాయి. అంచనాకు ఇది చాలు.

సహజ పౌనఃపున్యం 5 అయితే 50 హెర్ట్జ్‌ల కంపనంలో దాదాపు నూరో వంతే పైకి వస్తుంది. 10 అయితే ఇరవైనాలుగో వంతు. 25 అయితే మూడో వంతు. 50 అయితే? తగ్గడం మాట అటుంచి పెరుగుతుంది! కనుక "రబ్బరు వేశాం" అనగానే పని అయినట్టు కాదు. ఇంకొక చిక్కు. ముల్లును మోసే చెయ్యి తనంత తాను 8నుంచి 12 హెర్ట్జ్‌ల మధ్య ఊగుతుంది. మీ చుట్టకుదురు కూడా సరిగ్గా 10 దగ్గర ఊగితే ఇద్దరూ తోడుదొంగలవుతారు. బాగా మెత్తగా, 5కో అంతకు తక్కువకో దించాలి. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చుర్ పళ్ళేన్నీ చేతినీ కలిపి ఒకే చట్రంమీద పెట్టి మూడు మెత్తని స్ప్రింగులమీద వేలాడదీసింది ఇందుకే. ఆ పద్ధతిని తరవాత ఎందరో అనుసరించారు.

స్పాంజి వాడేవాళ్ళకు ఒక మాట. మన కోస్తా ఎండకూ తేమకూ స్పాంజి కొన్నేళ్ళకు జిగురుజిగురుగా అయి పొడి రాలిపోతుంది. ఏటా ఒకసారి తీసి చూడండి.

పరీక్ష

ఇంతా చేసి, ఫలితం వచ్చిందో లేదో తెలుసుకునేదెలా? పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని చెయ్యండి. రికార్డు పెట్టండి, కాని పళ్ళెం తిప్పవద్దు. మోటారు ఆపి ఉండాలి. అంతగా అవసరంలేని రికార్డు అయితే మంచిది. ముల్లును మెల్లగా దానిమీదికి దించండి. వాల్యూము సున్నానుంచి కొంచెం కొంచెంగా పెంచండి. చెయ్యి నాబ్‌మీదనుంచి తియ్యవద్దు. మీరు మామూలుగా పాట వినే చోటు దాటి ఇంకా కొంత పైకి వెళ్ళాక హోరు మొదలవుతుంది. వెంటనే తగ్గించండి. హోరు మొదలైన చోట పెన్సిలుతో గీత గీసుకోండి. ఇప్పుడు స్పీకరు ఒక అడుగు జరిపి మళ్ళీ చూడండి. మూత తీసి ఒకసారి, వేసి ఒకసారి చూడండి. మూత విషయంలో అన్ని ఇళ్ళకూ ఒకే జవాబు రాదు. గీత ఎంత పైకి జరిగితే అంత లాభం. మామూలుగా వినే దానికంటె ధ్వని పదిరెట్లు పెద్దదయ్యేవరకూ హోరు రాకపోతే, చుట్టులో తిరిగి వచ్చేది పదో వంతన్నమాట. అంటే ఏ స్వరమూ ఉండవలసిన దానికి తొమ్మిదో వంతుకు మించి పెరగదు. అంతకంటె వెంటపడనక్కరలేదు.

మరో పరీక్ష. హోరు ఫీడ్‌బ్యాక్ వల్లనా, బయటి కుదుపు వల్లనా అన్న సందేహం వస్తే స్పీకర్లు ఆపేసి హెడ్‌ఫోనులు పెట్టుకుని వినండి. స్పీకరు మూగపోతే చుట్టు తెగిపోతుంది, ఫీడ్‌బ్యాక్ అన్నది ఉండదు. అప్పుడు కూడా ఎడతెగని గరగర వినిపిస్తే అది మోటారుది. "మ్..." అని ఒకే శ్రుతిలో వినిపిస్తే కరెంటుది, ఎర్తు తీగ చూసుకోవాలి. నల్లరేగడిమీద, పట్టాల పక్కన ఇల్లుండి, రోజూ కొన్ని వేళల్లోనే అరనిమిషం పాటు దడదడమని వచ్చి ఆగిపోతే, గడియారం చూసుకోండి. అది రేపల్లె బండి.